గజ్జి పురుగు కథ

దురద చిన్న బాధే. కాని కారణం తెలియని దురద మనిషిని స్థిమితంగా ఉండనివ్వదు. రాత్రి నిద్ర చెడుతుంది. పగలు నలుగురిలో కూర్చొనడానికి సిగ్గు వేస్తుంది. రక్తం చెడిపోయిందేమో, లోపల ఏ పెద్దరోగం దాగి ఉన్నదో అనే భయం దురదకంటె ఎక్కువగా పీడిస్తుంది. ఇటువంటి భయం పామరులకే పరిమితం కాదు. గజ్జి విషయంలో ఐరోపాలోని పేరుపొందిన వైద్యులు కూడా వందల ఏండ్లు ఇట్లాగే ఆలోచించారు. ఒక చిన్న పురుగు ఆ దురదకు కారణమని 1687లోనే ఇద్దరు పరిశీలకులు ప్రకటించారు. వైద్యలోకం దానిని ఒప్పుకొనడానికి ఇంకా నూటయాభై ఏండ్లు కావలసివచ్చింది. ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది?

ప్రాచీన గ్రీకు వైద్యుల సిద్ధాంతం ప్రకారం శరీరంలో రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలు ఉన్నాయి. అవి సమంగా ఉంటే ఆరోగ్యం. ఏది చెడినా రోగం. చెడిన రసం చర్మంద్వారా బయటికి పొంగడమే గజ్జి అని ఐరోపా వైద్యులు బోధించేవారు. అందుచేత నెత్తురు తీసేవారు, విరేచనాలకు మందులిచ్చేవారు. పైపూతలతో తొందరపడి గజ్జిని అణచివేస్తే అది లోపలికి పోయి మరొక రోగంగా తిరగబడుతుందని హెచ్చరించేవారు. రోగికి దురద ఒక బాధ, ఈ హెచ్చరిక మరొక బాధ.

ఇటలీ దేశంలో లివోర్నో అనే రేవుపట్టణం ఉన్నది. 17వ శతాబ్దిలో అక్కడ బొనోమొ అనే వైద్యుడు, చెస్తోని అనే మందుల తయారీదారు కలిసి పనిచేశారు. పేద స్త్రీలు గజ్జి పట్టిన తమ పిల్లల చర్మంనుండి గుండుసూది మొనతో ఏదో తీసి పారవేయడం, ఆ పట్టణంలోని బానిసలు ఒకరికొకరు అదే పని చేసుకొనడం వారికి తెలిసింది. వారు ఆ మాటను తేలికగా తీసివేయలేదు. ఒక రోగిని పిలిచి, ఎక్కువ దురద పుట్టేచోట సూదితో గీకి, దొరికిన తెల్లని నలుసును సూక్ష్మదర్శినికింద పెట్టారు. అది కదిలింది! తాబేలు ఆకారంలో ఉన్న ప్రాణి అది. దాని బొమ్మ గీస్తూ ఉండగా అది గుడ్డు పెట్టడంకూడా వారు చూశారు.

ఈ సంగతులన్నీ 1687లో ఫ్రాన్చెస్కో రేడికి లేఖగా రాశారు. కుళ్లిన మాంసంలో పురుగులు తమంతట తామే పుట్టవనీ, ఈగలు పెట్టిన గుడ్లనుండి వస్తాయనీ 1668లో ప్రయోగాలతో చూపిన శాస్త్రజ్ఞుడు రేడి. పురుగు ఒకరినుండి ఒకరికి పాకుతుంది గనుకనే గజ్జి అంటుకొంటున్నదనీ, లోపలికి తాగే మందులకంటె పైపూతలే దానిని మాన్పడానికి కారణం ఇదేననీ ఆ లేఖ వివరించింది. కాని పోపుగారి వైద్యుడైన లాన్చీసి ఒప్పుకొనలేదు. పురుగు ఉన్నా రోగానికి మూలం రసదోషమేనని ఆయన వాదం. పెద్దల మాటకు ఎదురు నిలువలేక బొనోమొ మౌనం వహించాడు. రిచర్డ్ మీడ్ 1703లో ఆ లేఖను ఇంగ్లీషులో ప్రకటించినా వైద్యుల అభిప్రాయం మారలేదు.

తరువాతి ఘట్టం పారిస్ నగరంలో జరిగింది. అక్కడి సెంట్ లూయీ ఆసుపత్రి చర్మరోగాలకు ప్రసిద్ధం. 1812లో గాలె అనే ఆయన గజ్జి పురుగును చూశానని చెప్పి బొమ్మతోసహా సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఇతరులు ఎంత వెదకినా ఆ పురుగు దొరకలేదు. చివరకు 1829లో రాస్పాయ్ ఆ బొమ్మ పాత చీజులో తిరిగే పురుగుదని చూపించాడు. దానితో నిజమైన గజ్జి పురుగు కూడా కట్టుకథలలో చేరిపోయింది! పురుగును చూపినవారికి బహుమానం ఇస్తానని ల్యూగోల్ అనే వైద్యుడు పందెం కట్టాడు.

1834 ఆగస్టులో రెనూచి అనే విద్యార్థి ఆ చిక్కు విప్పాడు. అతనిది కార్సికా ద్వీపం. అక్కడి పేద స్త్రీలు సూదితో పురుగు తీసే విధం అతడు చిన్నప్పుడే ఎరుగును. ఆసుపత్రిలో అందరి ఎదుట ఒక రోగి చర్మంనుండి పురుగును తీసి చూపించాడు. అంతవరకు వైద్యులు దానిని నీటిపొక్కులలో వెదకుతున్నారు. పురుగు ఉండేది అక్కడ కాదు. చర్మం పైపొరలో అది తొలిచే సన్నని సొరంగం చివర. లివోర్నోలో పేదతల్లులకు తెలిసిన సంగతి ఈ విధంగా పారిస్ పండితులకు తెలిసింది.

గజ్జి పురుగు సాలీడుకు దూరపు బంధువు. పెరిగినదానికి ఎనిమిది కాళ్లు. ఆడపురుగు పొడవు అర మిల్లీమీటరైనా ఉండదు. అది సొరంగం తొలుస్తూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులలో గుడ్లు పొదగబడతాయి.

పురుగు దొరికినా ఒక ప్రశ్న మిగిలింది: గజ్జి ఎప్పుడు, ఎవరినుండి అంటినదో రోగి ఎందుకు చెప్పలేడు? రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్‌బీ దీనిని పరిశోధించాడు. అంతరాత్మ ఒప్పక యుద్ధంలో చేరడానికి నిరాకరించిన కొందరు యువకులు తమ శరీరాలనే ప్రయోగానికి ఇచ్చారు. గజ్జి మొదటిసారి సోకినవారికి సుమారు నెలదాకా దురదే పుట్టలేదు. పురుగుపైన, దాని విసర్జనపైన శరీరం తిరగబడడంవల్లనే దురద పుడుతుంది. అందుకు అంత కాలం పడుతుంది. రెండవసారి సోకితే ఒకటి రెండు రోజులలోనే దురద మొదలవుతుంది. రోగులు వాడిన పక్కబట్టలతో రోగం సోకడం అరుదనీ, మనిషి శరీరం మనిషికి ఎక్కువసేపు తగలడమే ముఖ్యమార్గమనీ కూడా తేలింది. ఒళ్లంతా దురదపెట్టే రోగికికూడా సగటున పదకొండు ఆడపురుగులే ఉన్నాయంటే ఆశ్చర్యం కాదా?

ఈ చరిత్ర తెలిస్తే కొన్ని భయాలు తొలగుతాయి. గజ్జి రక్తదోషం కాదు. స్నానం చేసేవారికీ వస్తుంది. ఒక పిల్లవానికి దురద పుట్టేనాటికి ఇంటిలోని మిగతావారికి అది సోకి ఉండవచ్చును. కనుక వైద్యుని సలహాతో అందరూ ఒకేసారి మందు రాసుకొనాలి. పురుగులు చచ్చిన తరువాతకూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చును. మందు పనిచేయలేదని బెదరి పదేపదే పూయరాదు. అట్లాగే ప్రతి దురదా గజ్జి కాదు. చర్మం ఎండిపోవడం మొదలు కాలేయ, మూత్రపిండ వ్యాధులవరకు దురదకు కారణాలు అనేకం. కారణం తెలియనప్పుడు ఊహించి భయపడడంకంటె పరీక్ష చేయించుకొనడం మేలు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మందులు ఉన్నా సిగ్గుచేత రోగాన్ని దాచడం నేటికీ పోలేదు. తరగతిలో ఒక విద్యార్థి చేతివేళ్ల సందులు గోకుకొంటూ ఉంటే ఉపాధ్యాయుడు అతనిని వెనుక బల్లకు పంపడం కాదు, వైద్యుని వద్దకు పంపడం అవసరం.