కృత్రిమ గాయాలంకరణ

కృత్రిమ గాయాలంకరణ అనగా శరీరానికి ఏ హానీ కలుగకుండా, గాయం తగిలినట్లు, రక్తం కారుతున్నట్లు చూపరులకు భ్రమ కలిగించే అలంకరణ విధానం. నాటకాలలోను, చలనచిత్రాలలోను, వైద్య శిక్షణలోను, పౌర రక్షణ విన్యాసాలలోను దీనిని ఉపయోగిస్తారు. నవ్వు పుట్టించడానికి మిత్రులు, బంధువులు కలసి తీసుకునే కల్పిత ఛాయాచిత్రాలకు కూడా ఇదే ఆధారం. నెత్తిన కత్తి దిగబడి ఉండగా తాపీగా కాఫీ తాగుతున్న మనిషి చిత్రం ఈ కోవకు చెందినది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంటింటా దొరికే వస్తువులతో ఈ అలంకరణ చేసే పద్ధతి, అందులోని రసాయన విషయాలు, ఇటువంటి చిత్రాలు బయటి వారి చేతిలో పడినప్పుడు కలిగే ప్రమాదాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

చరిత్ర

భారతీయ నాట్యశాస్త్రం రంగస్థలంపై వధను ప్రత్యక్షంగా చూపడాన్ని నిషేధించింది. అటువంటి ఘట్టాలను పాత్రల సంభాషణ ద్వారా తెలియజేయాలని దాని నియమం. అయినా భట్టనారాయణుని వేణీసంహారంలో భీముడు దుర్యోధనుని రక్తంతో తడిసిన చేతులతోనే ద్రౌపది జడ ముడుస్తాడు. కనుక ఆ నాటకం ఆడే వారికి ఎర్ర రంగు తప్పనిసరి అవుతుంది. ప్రహ్లాద కథను ఆడే వీధి నాటకాలలో నరసింహుడు హిరణ్యకశిపుని ప్రేగులను మాలగా ధరించే ఘట్టం ఉన్నది. మెలితిప్పిన ఎర్ర గుడ్డ ఆ పనికి చాలును. అది గుడ్డ అని ప్రేక్షకులకు తెలుసు, తెలిసే భయపడతారు. ఛాయాచిత్రానికి ఈ ఒప్పందం వర్తించదు. చూసేవాడు వేషం కట్టడాన్ని చూడలేదు, ఫలితాన్ని మాత్రమే చూస్తున్నాడు.

కల్పిత మరణ చిత్రం ఛాయాచిత్ర కళ పుట్టిన కొద్ది కాలానికే వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన హిప్పోలైట్ బయార్డ్ 1840లో తాను నీట మునిగి చనిపోయినట్లు నటిస్తూ స్వీయ చిత్రం తీసుకున్నాడు. ఛాయాచిత్ర ఆవిష్కరణకు గౌరవమంతా డాగ్యురేకు దక్కిందన్న ఆగ్రహమే దీనికి కారణం. చిత్రంలో ముఖం, చేతులు మిగతా శరీరం కంటే నల్లగా వచ్చాయి. అవి కుళ్ళడం ప్రారంభించాయని ఆయన చిత్రం వెనుక వ్యంగ్యంగా వ్రాశాడు. అది పరిహాసమని తెలిపే వ్రాత చిత్రంలో లేదు, వెనుక వైపు ఉన్నది. ఈ సంగతికి తరువాత మళ్ళీ రావలసి ఉన్నది.

నలుపు తెలుపు చిత్రాల కాలంలో రక్తానికి ఎరుపు రంగు అవసరం లేదు, తగినంత ముదురు ఛాయ ఉంటే చాలు. 1960లో వచ్చిన హిచ్‌కాక్ చిత్రం సైకోలో స్నానపు గది సన్నివేశానికి చాక్లెట్ పాకం వాడారు. ఉత్తరాంధ్ర చరిత్రలో మిక్కిలి రక్తపాతం జరిగిన 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఆధారంగా 1964లో వచ్చిన తెలుగు చలనచిత్రం కూడా నలుపు తెలుపులలోనే ఉన్నది. రంగుల చిత్రాలు వచ్చిన తరువాతనే రక్తపు రంగు ఒక శాస్త్రంగా మారింది. గాడ్‌ఫాదర్ (1972), ఎక్సార్సిస్ట్ (1973) చిత్రాల అలంకరణ నిపుణుడు డిక్ స్మిత్ మొక్కజొన్న పాకం, ఆహారపు రంగులు, జింక్ ఆక్సైడు కలిపి తయారుచేసిన మిశ్రమం బాగా ప్రసిద్ధి పొందింది. అయితే అందులో ఫిల్ములు కడగడానికి వాడే ఒక ద్రవం కూడా ఉండేది. అది విషం కనుక ఆ మిశ్రమాన్ని నోటిలో పోయకూడదు.

పసుపు, సున్నం

తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసిన కృత్రిమ రక్తం పసుపు నీటిలో సున్నం కలిపితే వచ్చేదే. పెళ్ళిళ్ళలో పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఇవే. పసుపులోని కర్కుమిన్ అనే వర్ణద్రవ్యం ఆమ్ల, తటస్థ ద్రవాలలో పసుపుగా ఉండి, క్షార ద్రవంలో ఎర్రబారుతుంది. పసుపు మరక పడిన బట్టను సబ్బుతో ఉతికినప్పుడు మరక ఎర్రబడడానికి కారణం కూడా ఇదే.

ఛాయాచిత్రానికి మాత్రం ఈ మిశ్రమం అంతగా పనికిరాదు. దాని ఎరుపులో నారింజ ఛాయ ఎక్కువ. నీళ్ళవలె పలుచగా ఉండడం వలన చర్మంపై నిలువదు. చెమట ఆమ్ల గుణం కలది కనుక కొంతసేపటికి అంచులు తిరిగి పసుపు రంగులోకి మారతాయి. నిమ్మరసం చుక్క పడితే రక్తం అక్కడికక్కడే పసుపు నీళ్ళవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, సున్నం కంటిలో పడితే కనుగుడ్డు కాలిపోయే ప్రమాదం ఉన్నది. ముఖంపై దీనిని ఎన్నడూ వాడరాదు.

పాకం తయారీ

నిజమైన రక్తానికి మూడు గుణాలున్నాయి. అది చిక్కగా ఉంటుంది, దాని గుండా అవతలి వస్తువు కనబడదు, ఎరుపులో కొంత గోధుమ ఛాయ ఉంటుంది. పాశ్చాత్యులు మొక్కజొన్న పాకంలో కోకో పొడి కలిపి ఈ గోధుమ ఛాయ తెస్తారు. ఉత్తరాంధ్రలో బెల్లం పాకం వాడితే ఆ ఛాయ దానంతట అదే వస్తుంది. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, వడకట్టి, వేలికి అంటుకునే వరకు మాత్రమే కాచాలి. తీగ పాకం రానిస్తే చల్లారిన తరువాత కారదు. అందులో ఒక చెంచా చిక్కని గంజి కలిపితే పారదర్శకత పోతుంది. ఆ తరువాత దుకాణాలలో దొరికే ఎర్ర ఆహారపు రంగును కొద్దికొద్దిగా కలపాలి. ఒకేసారి ఎక్కువ వేస్తే గులాబీ రంగు షర్బత్ అవుతుంది. పార్వతీపురం, సీతంపేట మన్యంలో (2022 నుండి ఇది పార్వతీపురం మన్యం జిల్లా) దొరికే జాఫ్రా గింజల రంగు నారింజ ఎరుపు. దానిని ఒంటరిగా కాక, ఎర్ర రంగుకు తోడుగా వాడితే తాజా రక్తం వలె కనబడుతుంది. బీట్‌రూట్ రసం పాత్రలో రక్తం వలెనే ఉన్నా చిత్రంలో ఊదా రంగుగా పడుతుంది.

గాలి తగిలిన కొద్దీ రక్తం నల్లబడుతుంది. కనుక ఎండిన గాయానికి ఇదే పాకంలో చింతపండు గుజ్జు కలపాలి. బెల్లం పాకంతో ఒక్కటే చిక్కు. చిత్రం తీయడం ఆలస్యమైతే చనిపోయినట్లు నటిస్తున్న వ్యక్తిని చీమలు లేపుతాయి.

గాయం ఆకృతి

రక్తం పోసినంత మాత్రాన గాయం కాదు. చర్మం చీలినట్లు కనబడాలి. పలుచని దూది పొరను గంజితో చర్మంపై అతికించి, ఆరిన తరువాత మధ్యలో చీల్చి, అంచులకు ముఖపు రంగు పూయడం అన్నిటికంటే తేలిక. చీలిక లోపల మాంసం వలె కనబడడానికి మామిడి తాండ్ర చక్కగా సరిపోతుంది. విజయనగరం జిల్లాలోని భీమాలి తాండ్రకు ప్రసిద్ధి. తాండ్రను కత్తితో కోయక వేళ్ళతో చింపి, పాకంలో తడిపి అమర్చితే పీచు అంచులు ఎంతో సహజంగా ఉంటాయి. పని అయిన తరువాత తినవచ్చు కూడా, తినేవారు దొరికితే.

కాలిన గాయాలకు జెలటిన్ వాడమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. జెలటిన్ శరీర ఉష్ణోగ్రత వద్దనే కరగడం మొదలుపెడుతుంది. వేసవి మధ్యాహ్నం కళింగపట్నం తీరాన అది ఎంతోసేపు నిలువదు. అది పశువుల ఎముకలు, చర్మం నుండి తయారవుతుంది కనుక కొందరికి అభ్యంతరం కూడా ఉండవచ్చు. సముద్రపు నాచు నుండి వచ్చే చైనా గ్రాస్ వేడికి తట్టుకుంటుంది, కాని బాగా చల్లారనిచ్చి గాని ఒంటికి తగిలించరాదు.

కెమెరా ముందు

రక్తం ఎప్పుడూ క్రిందికి కారుతుంది. పడుకోబెట్టి పూసి, తరువాత నిలబెట్టి చిత్రం తీస్తే ధారల దిక్కు తప్పు అని చిన్న పిల్లలు సైతం పట్టుకుంటారు. ధార ఒకటి పొడుగ్గా, మిగిలినవి పొట్టిగా ఉండాలి. తడి మెరుపు కనబడాలంటే వెలుగు ఎదురుగా కాక ప్రక్క నుండి రావాలి. ఫ్లాష్ వెలుతురులో ఏ రక్తమైనా రంగు వలెనే కనబడుతుంది. తెల్లని పంచె, లాల్చీ పై పడిన చిన్న మరక చూపే ప్రభావం ముఖమంతా పులిమినా రాదు.

హాస్యం గాయంలో ఉండదు, గాయానికీ ముఖకవళికకూ పొంతన లేకపోవడంలో ఉంటుంది. కత్తి దిగినవాడు అరుస్తుంటే అది ప్రమాద చిత్రం, దినపత్రిక చదువుకుంటుంటే హాస్య చిత్రం. తలలో దిగినట్లు కనబడే కత్తికి నిజమైన కత్తి వాడరాదు. అట్టతో కత్తి చేసి రెండుగా కత్తిరించి, తీగతో చేసిన తలకట్టుకు రెండు వైపులా అతికిస్తే చాలు.

వాడరాని వస్తువులు

సిందూరం పేరుతో అమ్మే కొన్ని పొడులలో సీసం ఉంటుంది. పెదవుల దగ్గర, నోటిలో అటువంటివి వాడడం ప్రమాదకరం. బట్టల రంగులు, గోడ రంగులు, ఎర్ర సిరా కూడా పనికిరావు. పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పు పరిశ్రమ ఉన్నందున జీడిపిక్కల తొక్క నూనె సులభంగా దొరుకుతుంది. అది గోధుమ రంగులో నిగనిగలాడుతూ కాలిన గాయానికి తగినట్లు కనబడుతుంది, కాని చర్మాన్ని నిజంగానే పొక్కిస్తుంది. పరిశ్రమలో పిక్కలు ఒలిచే కార్మికుల చేతులు చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

పరిహాసం, మోసం

ఇదే రసాయన విద్యను మోసానికి వాడేవారు కూడా ఉన్నారు. కత్తికి మందార పూవు రసం పూసి నిమ్మకాయ కోస్తే ఎర్రని రసం కారుతుంది, నిమ్మ ఆమ్లం మందార వర్ణాన్ని ఎరుపు చేస్తుంది. దీనిని చూపించి, చేతబడి జరిగిందని నమ్మించే భూతవైద్యులున్నారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు గ్రామాలలో ఇటువంటి గారడీల రహస్యాలను ప్రదర్శించి చూపుతుంటారు. ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి పెట్టారనే అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు జరిగినవి. సరిహద్దున ఉన్న ఒడిషా రాష్ట్రం మంత్రగత్తెలన్న నెపంతో జరిగే హింసపై 2013లో ప్రత్యేక చట్టం చేసింది. ఇటువంటి ప్రాంతంలో నిమ్మకాయలు, ముగ్గు, రక్తం కలిపి తీసిన చిత్రం తీసినవారికి నవ్వులాట కావచ్చును. అందులో కనబడిన ఇంటివారిని అది ప్రాణాపాయంలోకి నెట్టగలదు.

చిత్రం క్రింద 'సరదాకి' అని వ్రాసినంత మాత్రాన చాలదు. కరాచీలో పిల్లల భద్రత కోసం నటులతో ఒక దృశ్యం తీసి, చివర అది నటన అని తెలిపే ఫలకం చూపించారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించారు. మిగిలిన అపహరణ దృశ్యం 2018లో భారతదేశమంతటా వాట్సాప్‌లో నిజమని ప్రచారమైంది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల వదంతులతో ఆ ఏడాది తెలుగు రాష్ట్రాలతో సహా అనేక చోట్ల నిరపరాధులు మూక దాడులకు గురై మరణించారు. బయార్డ్ చిత్రం వెనుక వ్రాత వలెనే కరాచీ ఫలకం కూడా చిత్రం నుండి విడిపోయింది. అందువలన నటన అని తెలిపే గుర్తు చిత్రం మధ్యలోనే, కత్తిరించినా పోని చోట ఉండాలి. చచ్చినవాని చేతిలో సగం తిన్న తాండ్ర ముక్క, కత్తి పిడిపై ధర చీటీ వంటివి అటు హాస్యానికి, ఇటు గుర్తుకు రెండింటికీ పనికివస్తాయి. గుర్తుపట్టగల ఇల్లు, వీధి, వాహన సంఖ్య చిత్రంలో రాకుండా చూడాలి. చిత్రం తీస్తున్నట్లు ఇరుగుపొరుగు వారికి ముందే చెప్పడం మంచిది.

ఇటువంటి చిత్రాన్ని నిజమని చెప్పి ప్రజలలో భయం కలిగించే ఉద్దేశంతో ప్రచారం చేస్తే 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షను వర్తించవచ్చును. పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం 217వ సెక్షను క్రిందికి వస్తుంది.

శుభ్రపరచడం

బెల్లం పాకం గోరువెచ్చని నీటితో పోతుంది. ఆహారపు రంగు మాత్రం చర్మంపై ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. ముందుగా కొబ్బరి నూనె రాసుకుని ఆపై రంగు పూస్తే అంతగా పట్టదు, కాని దూది, గంజి అతికించే చోట నూనె రాయకూడదు. పసుపు మరక పడిన బట్టను ఉతికి ఎండలో ఆరవేస్తే కర్కుమిన్ వెలుగుకు క్షీణించి మరక క్రమంగా పోతుంది.