అమెరికా సమాఖ్య ఆదాయపు పన్ను: శ్లాబులు, మినహాయింపుల వార్షిక సవరణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా సమాఖ్య ఆదాయపు పన్ను శ్లాబులు, మినహాయింపులు ఏటా మారుతుంటాయి. 1985 నుంచి ఈ సవరణ ధరల సూచీని అనుసరించి జరుగుతోంది. ఈ ఏర్పాటుకు దారితీసిన పరిస్థితులను, దీని పరిధిలోకి రాని పరిమితుల వల్ల కలిగే భారాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆదాయపు పన్ను, శ్లాబు, ప్రామాణిక మినహాయింపు, ద్రవ్యోల్బణం, ధరల సూచీ.

1. ఉపోద్ఘాతం:
భారతదేశంలో ఆదాయపు పన్ను శ్లాబులు మారాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. చేయకపోతే పాతవే కొనసాగుతాయి. అమెరికాలోనూ చాలాకాలం ఇదే పద్ధతి ఉండేది. పదహారవ రాజ్యాంగ సవరణ తర్వాత 1913లో వచ్చిన చట్టం అవివాహితులకు 3,000, దంపతులకు 4,000 డాలర్ల వరకు మినహాయింపునిచ్చి, ఆపై ఆదాయంపై 1 శాతం పన్ను విధించింది. అదనపు పన్నుతో కలిపి గరిష్ఠ రేటు 7 శాతం. నాడది కొద్దిమంది సంపన్నులకే పరిమితమైన పన్ను. రెండవ ప్రపంచయుద్ధ వ్యయం దానిని సామాన్యుల దాకా తెచ్చింది. 1943లో జీతం నుంచే పన్ను కోత మొదలైంది. 1944లో ప్రామాణిక మినహాయింపు ప్రవేశించింది.

2. ద్రవ్యోల్బణం - శాసనం లేని పన్ను:
1948 నుంచి 1969 వరకు వ్యక్తిగత మినహాయింపు 600 డాలర్ల వద్దే నిలిచిపోయింది. ఆ కాలంలో ధరలు దాదాపు సగం పెరిగాయి. 1970లలో సమస్య తీవ్రమైంది. ధరలతో సమానంగా జీతం పెరిగిన ఉద్యోగి కొనుగోలుశక్తిలో మార్పు ఉండదు. అయినా పెరిగిన అంకె అతనిని పైశ్లాబులోకి నెట్టేది. దీనినే ఆర్థికవేత్తలు 'బ్రాకెట్ క్రీప్' అన్నారు. చట్టసభ ఓటు వేయకుండానే ప్రభుత్వ రాబడి పెరిగేది. 1980లో ద్రవ్యోల్బణం 13.5 శాతానికి చేరింది.

3. సూచీకరణ:
రీగన్ హయాంలో 1981లో వచ్చిన పన్ను చట్టం శ్లాబు పరిమితులను వినియోగదారుల ధరల సూచీతో ముడిపెట్టింది. ఇది 1985 నుంచి అమలైంది. ఆగస్టుతో ముగిసే పన్నెండు నెలల సగటు సూచీ ఆధారంగా రెవెన్యూ శాఖ మరుసటి ఏడాది పరిమితులను ప్రకటిస్తుంది. ఈ సవరణలో పరిమితులే మారతాయి. రేట్లు మారాలంటే చట్టం కావాలి. 2022లో అవివాహితులకు 12,950 డాలర్లున్న ప్రామాణిక మినహాయింపు, ధరలు పెరిగినందున 2023లో 13,850 అయింది.

2017 చట్టం రెండు ముఖ్యమైన మార్పులు చేసింది. మొదటిది, మరింత నెమ్మదిగా పెరిగే 'చెయిన్డ్' సూచీని ఎంచుకోవడం. అందువల్ల పరిమితులూ నెమ్మదిగానే పెరుగుతాయి. రెండవది, ప్రామాణిక మినహాయింపును దాదాపు రెట్టింపు చేసి, వ్యక్తిగత మినహాయింపును తొలగించడం. ముగ్గురు పిల్లలున్న దంపతులకు 2017లో ఈ రెండూ కలిపి 32,950 డాలర్లు. 2018లో దక్కినది 24,000. పిల్లల పన్ను రాయితీని 2,000 డాలర్లకు పెంచి ఈ లోటును పూరించారు. మినహాయింపు రెట్టింపయిందన్న ఒక్క మాటతో ఈ మార్పు బోధపడదు.

4. సూచీకరణకు వెలుపల:
1983 చట్టం వృద్ధుల సోషల్ సెక్యూరిటీ పింఛనుపై పన్ను విధిస్తూ అవివాహితులకు 25,000, దంపతులకు 32,000 డాలర్ల ఆదాయ పరిమితి పెట్టింది. వీటిని సూచీతో ముడిపెట్టలేదు. తర్వాతి నాలుగు దశాబ్దాలలో ధరలు సుమారు మూడు రెట్లయినా ఆ అంకెలు మారలేదు. పింఛను మాత్రం ధరలతోపాటు పెరుగుతుంది. కాబట్టి ఏటా మరికొందరు వృద్ధులు పన్ను పరిధిలోకి వస్తున్నారు. 2025 చట్టం అరవై అయిదేళ్లు నిండినవారికి 2028 వరకు 6,000 డాలర్ల అదనపు మినహాయింపునిచ్చింది కాని, ఆ పరిమితులను ముట్టుకోలేదు. మూలధన నష్టంలో ఇతర ఆదాయం నుంచి తీసివేయదగిన 3,000 డాలర్ల పరిమితి కూడా 1978 నుంచి అలాగే ఉంది.

5. ముగింపు:
1981 చట్టం బ్రాకెట్ క్రీప్‌ను శ్లాబుల వరకు అరికట్టింది. సూచీకరణ లేనిచోట అది నేటికీ కొనసాగుతోంది. అందుచేత ఏటా ప్రకటించే పట్టికలో మారిన అంకెలతోపాటు, ఆ సవరణకు నోచుకోని అంకెలనూ పరిశీలించినప్పుడే పన్ను భారం ఎవరిపైకి జరుగుతున్నదో స్పష్టమవుతుంది.