దర్శకుడు నాగయ్య

చిత్తూరు వి. నాగయ్య గారి పేరు వినగానే పోతన, వేమన కళ్ళముందు నిలుస్తారు. ఆ రెండు చిత్రాలకూ దర్శకులు కె.వి. రెడ్డి గారు. వాటి నడుమ, 1946లో వచ్చిన ‘త్యాగయ్య’కు మాత్రం దర్శకుడు నాగయ్యే. నటుడిగా ఆయనను కొలిచిన మనం దర్శకుడిగా ఆయనను దాదాపుగా మరచిపోయాం.

1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టిన మనిషికి చిత్తూరు ఇంటిపేరు వంటిదైంది. చిత్తూరులోని రామవిలాస సభ ఆయనకు నాటకరంగాన్ని చూపింది. ‘సారంగధర’లో చిత్రాంగి వేషంతో పేరు తెచ్చుకున్నారు. 1938లో హెచ్.ఎం. రెడ్డి గారి ‘గృహలక్ష్మి’తో వెండితెరకెక్కారు. ఆపై బి.ఎన్. రెడ్డి గారి ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ ఆయనను అగ్రనటుడిని చేశాయి.

అంతటి స్థానంలో ఉన్నవాడు దర్శకత్వపు బరువును ఎందుకు నెత్తికెత్తుకోవాలి? జవాబు ఆయన ఎన్నుకున్న కథల్లోనే ఉందనిపిస్తుంది. త్యాగరాజస్వామి సిద్ధిపొంది నూరేళ్ళు నిండబోతున్న వేళ ‘త్యాగయ్య’ వచ్చింది. నటన, గానం, సంగీతం, దర్శకత్వం అన్నీ ఆయనవే. నిధి కన్న రాముని సన్నిధియే మిన్న అనుకున్న వాగ్గేయకారుని కథ అది. 1953లో తెలుగు, తమిళ భాషలలో ‘నా ఇల్లు’ తీశారు. మరి పదకొండేళ్ళకు, 1964లో, ‘భక్త రామదాసు’. భద్రాద్రి రామునికి గుడి కట్టించి, అందుకు గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచర్ల గోపన్న కథ. కబీరుగా గుమ్మడి గారు నటించగా, ఆ పాత్రకు మహమ్మద్ రఫీ పాడారు.

హాలీవుడ్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ ఇతరుల చిత్రాలలో నటించి గడించిన సొమ్మును తన ‘ఒథెల్లో’కు వెచ్చించాడు. మన నాగయ్య గారు సైతం ఒకవంక ‘లవకుశ’ (1963)లో వాల్మీకి వంటి పాత్రలు పోషిస్తూనే మరొకవంక తన రామదాసును తెరకెక్కించారు. తేడా ఒక్కటే. వెల్స్ దర్శకత్వాన్ని గురించి ప్రపంచం పుస్తకాలకు పుస్తకాలు వ్రాసింది. నాగయ్య దర్శకత్వాన్ని గురించి మనం వ్రాసుకున్నది బహు స్వల్పం.

1965లో పద్మశ్రీ వచ్చింది. కానీ చేతికి ఎముక లేని ఆ దాత చివరి రోజులు లేమిలోనే గడిచాయి. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. ఆ లేమిని తలచి జాలిపడడం మనకు అలవాటైపోయింది. నాకు మాత్రం జాలి కన్న ఆశ్చర్యమే ఎక్కువ కలుగుతుంది. దర్శకుడిగా తెరపై ఏ విలువను నిలిపాడో, మనిషిగా దానికే మూల్యం చెల్లించాడు.

త్యాగయ్య కథను 1981లో బాపు గారు, రామదాసు కథను 2006లో కె. రాఘవేంద్రరావు గారు మళ్ళీ తెరకెక్కించారు. వాటిని చూసినవారు ఒక్కసారి వెనక్కి వెళ్ళి నాగయ్య గారి చిత్రాలను కూడా చూడాలి. ఆయన విగ్రహానికి వేసే దండ కన్న అదే నిజమైన నివాళి.