గుంటూరు ఆకాశంలో మూడు కలల జ్వాల

విభవ నామ సంవత్సరం, శ్రావణ అమావాస్య. అంటే 1868 ఆగస్టు 18, మంగళవారం. ఆడవాళ్ళు పోలాల అమ్మవారిని కొలుచుకునే రోజు. ఆ ఉదయమే సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పడమట వనపర్తిని కమ్మిన చీకటి తూర్పుకు సాగి మాచర్లనీ, గురజాలనీ, నరసరావుపేటనీ ముంచేసి, గుంటూరు మీదుగా బందరు వైపు దాటిపోయింది. పల్నాడు పల్నాడంతా ఆ నీడ కిందే ఉంది.

ఆ దారి పొడవునా టెలిస్కోపులు కాచుకుని ఉన్నాయి. వనపర్తిలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి ఉన్నారు. బందరులో ఆయన పై అధికారి పోగ్సన్. గుంటూరులో రెండు బృందాలు దిగాయి: ఇంగ్లీషు వాళ్ళ తరఫున మేజర్ టెన్నంట్, ఫ్రాన్సు తరఫున పియరీ జాన్సెన్. జాన్సెన్‌కు లెఫోషూర్ అనే ఫ్రెంచి వర్తకుడు తన మేడ ఇచ్చాడు. తెల్లవారేసరికి సూర్యుడి చుట్టూ ఇంకా మంచు తెర ఉంది. కాసేపటికి అదీ విడిపోయింది.

చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసేశాడు. నల్లటి బిళ్ళ అంచున రెండు మంటలు లేచి కనిపించాయి. అందులో ఒకటి మూడు కలలకు పైగా ఎత్తుందని జాన్సెన్ రాశాడు. ఎర్రటి ఆ కాంతిని స్పెక్ట్రోస్కోపు సన్నని చీలికలోకి పట్టి చూస్తే, ఇంద్రధనుస్సులా పరుచుకునే వెలుగు రాలేదు, విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. ఆ జ్వాల కాగి మెరిసే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేలిపోయింది.

ఈ మూడు కలల దగ్గర పాఠకుణ్ణి కాసేపు ఆపాలనిపిస్తుంది. పుస్తకాల్లో ఈ కథ చెప్పేవాళ్ళు ఈ అంకెను దాటేసి వెళ్ళిపోతారు. నాకు మాత్రం కథంతా అందులోనే ఉందనిపిస్తుంది.

పంచాంగం గుణించేవాళ్ళకు ఇది కొత్త కొలత కాదు. చుట్టూ తిరిగితే 360 భాగలు, అవే మన డిగ్రీలు. ఒక్కో భాగకు 60 కలలు, ఒక్కో కలకు 60 వికలలు. బడి పుస్తకంలో వీటినే నిమిషాలు, సెకన్లు అంటారు. గడియారం నిమిషం వేరు, ఇది వేరు. ఆకాశం 24 గంటల్లో 21,600 కలలు తిరుగుతుంది కాబట్టి ఒక కలకు నాలుగు సెకన్ల కాలం పడుతుంది. సూర్యసిద్ధాంతం ఈ నాలుగు సెకన్లనే ప్రాణం అంది. రోజుకు 21,600 ప్రాణాలు, వలయానికి 21,600 కలలు. అంత పొందికగా లెక్క కట్టుకున్నారు మనవాళ్ళు.

కల ఎంత చిన్నది? మిరప చేలో నిలబడ్డ మనిషిని ఆరు కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే తల నుంచి పాదాల దాకా పట్టే కోణం అది. మంచి కంటికి అంతకన్నా చిన్నది విడిగా కనిపించదు.

ఆ ఉదయం గుంటూరు చీకటిని నిలబెట్టింది కూడా కలలే. సూర్యబింబం వ్యాసం దాదాపు 32 కలలు. చంద్రబింబం దానికన్నా రెండు కలలు మాత్రమే పెద్దది. ఆ తేడా ఉన్నందుకే సంపూర్ణ గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. ఆ రెండు కలలూ రెండు వైపులా పంచుకుంటే పక్కకు ఒక్కటే. అందుకే మూడు కలల ఎత్తున్న జ్వాలను చంద్రుడు మూయలేకపోయాడు.

ఇక కలల్ని కిలోమీటర్లలోకి మార్చాలి. దూరాన్ని 2,06,265తో భాగిస్తే ఒక వికల కోణానికి ఎంత పొడవో వస్తుంది. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే వికలకు సుమారు 727 కిలోమీటర్లు. అరవైతో గుణిస్తే కలకు 43,600. మూడు కలలంటే లక్షా ముప్ఫై వేల కిలోమీటర్లు! భూగోళాలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే పది దాటితే గానీ ఆ మంట కొస అందదు. అదే ఊళ్ళో ఫొటోలు తీయించిన టెన్నంట్ ఆ జ్వాలకు ‘మహాశృంగం’ అని పేరు పెట్టి, ఎత్తు 90 వేల మైళ్ళకు దగ్గరగా కట్టాడు. కోణంలోకి తిప్పితే అదీ మూడు కలల పైచిలుకే. రెండు బృందాలు, వేర్వేరు పరికరాలు, లెక్క మాత్రం ఒకే చోట కలిసింది. ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది అదే.

గ్రహణం విడిచింది. కానీ ఆ గీతల మెరుపు జాన్సెన్‌ను వదల్లేదు. అంత ప్రకాశవంతమైన గీతలు గ్రహణం లేకుండా మాత్రం ఎందుకు కనిపించకూడదు? మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, మామూలు ఎండలో చీలికను సూర్యుడి అంచుకు ఆనించాడు. కొద్ది కలలు లోపలికి జరిగితే సూర్యుడి వెలుగు గీతల్ని మింగేస్తుంది, బయటికి జరిగితే జ్వాల దాటిపోతుంది. పైగా మూడు కలల మేర పన్నెండు సెకన్లలో జారిపోయే ఆకాశం. అంచు పట్టు తప్పకుండా కాచాడు. గీతలు కనిపించాయి. చీలికను కొంచెం కొంచెంగా జరుపుతూ జ్వాల ఆకారాన్నే గీసుకున్నాడు. చంద్రుడి సాయం లేకుండా మనిషి సూర్యజ్వాలను చూడటం అదే మొదలు. సెప్టెంబరు 4 దాకా గుంటూరులోనే ఉండి ఆ పని సాగించాడు.

హీలియం గుంటూరులో దొరికిందని మన వైపు గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటకు సవరణ కావాలి. జ్వాలల వెలుగులో కనిపించే పసుపు గీత సోడియానిది కాదని, హీలియం అనే కొత్త మూలకానిదని తేల్చిన ఘనత ఇంగ్లండులోని నార్మన్ లాకియర్‌ది. ఆ మూలకం భూమ్మీద రాంసే అనే శాస్త్రవేత్త చేతికి చిక్కింది 1895లో. గుంటూరుకు దక్కాల్సిన గౌరవం వేరే ఉంది, అదీ తక్కువదేం కాదు: గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే అవసరం తీరింది ఇక్కడే.

సెప్టెంబరు 19న జాన్సెన్ కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు. లాకియర్ కూడా అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టి అక్టోబరు 20న జ్వాలల గీతలు చూశాడు. అక్టోబరు 26 నాటి సమావేశంలో రెండు వార్తలూ అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందన్న తగాదా పెట్టుకోకుండా, ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే చెక్కి ఫ్రాన్సు 1872లో పతకం వేయించింది.