యార్క్ చర్చిలో ఆఖరి శ్రుతి

పైపు ఆర్గన్ శ్రుతి చేయాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు మెట్టు నొక్కి పట్టుకుంటారు. రెండోవారు పైన గొట్టాల మధ్య నిలబడి, చిన్న లోహపు గొట్టం అంచును ఇత్తడి శంకువుతో కాస్త విప్పుతారు, లేదా కాస్త మూస్తారు. వింటారు. మళ్లీ తాకుతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం నిలవదు. డేవిడ్ టానెన్‌బెర్గ్ బతుకంతా ఆ వెంట్రుకవాసి మీదే గడిచింది.

1728లో సాక్సనీలోని బెర్తెల్స్‌డార్ఫ్‌లో పుట్టాడాయన. కన్నవాళ్లు విశ్వాసం కోసం మొరావియాలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు. 1749లో తానూ సముద్రం దాటి పెన్సిల్వేనియాలోని బెత్లెహేం చేరి, వడ్రంగిగా కుదురుకున్నాడు. క్లెమ్ అనే ముసలి జర్మన్ పనివాడి దగ్గర ఆర్గన్ విద్య పట్టుబడింది. 1762లో గురువు పోయాడు. ఆ విశ్వాసుల సంఘం పెద్దలకు ఈ ఆర్గన్ పని రుచించలేదు, చెక్కపనికే పొమ్మన్నారు. ఆయన వదల్లేదు. 1765లో లిటిజ్‌కు మకాం మార్చి, నలభైకి పైగా ఆర్గన్లు కట్టాడు.

వాటన్నిటికీ తలమానికం ఫిలడెల్ఫియాలోని జయన్ లూథరన్ చర్చిలోది. 1790లో పూర్తయింది. మూడు వరసల మెట్లు. ఆనాటి అమెరికాలో అంత పెద్ద ఆర్గన్ మరొకటి లేదు. నాలుగేళ్లే పలికింది. 1794 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, చర్చి అంటుకుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, సీసం ఇంకో వంద డిగ్రీలకు. నిప్పు కింద ఆ గొట్టాలు ఎంతసేపు నిలిచి ఉంటాయి? ఆయన చావు కన్నా ఈ మంటే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. మనిషి ఎలాగూ పోతాడు; ఆ చేతుల్లోంచి వచ్చిన అంత గొప్ప గొంతు ఎలా ఉండేదో ఇక ఎవరికీ తెలియదు.

అరవై ఆరేళ్ల వయసులో అది కాలిపోయినా ఉలి కింద పెట్టలేదు. వారసుడవుతాడనుకున్న అల్లుడితో పొత్తు చెడింది. అయినా పెట్టలేదు.

1804 మే నెల. పెన్సిల్వేనియాలోనే యార్క్ పట్టణంలో లూథరన్ చర్చి. కొత్త ఆర్గన్ నిలబెట్టారు, శ్రుతి చేయడమే మిగిలింది. డెబ్బై ఆరేళ్ల మనిషి ఆ పనికి పూనుకున్నాడు. ఆ పనిలోనే కింద పడ్డాడు. 19న కన్నుమూశాడు.

ఆ ఆర్గన్ ఇప్పటికీ యార్క్‌లోనే ఉంది. ఆయన్ను సాగనంపిన రోజున మోగింది అదే.