చేతులు విడిచిన విమానము

1914 జూన్ 18వ తేదీన పారిస్ చెంత బెజోన్ వద్ద, సీన్ నదీతీరమున జనము గుమిగూడి యుండిరి. విమాన భద్రతకై ఏర్పరచిన పోటీ అది. 21 ఏండ్ల అమెరికను యువకుడు లారెన్సు స్పెర్రీ తన కర్టిస్ నీటివిమానమును తక్కువ ఎత్తున నడుపుచు, చూపరుల ఎదుటికి రాగానే రెండు చేతులను పైకెత్తెను. మరియొకమారు వచ్చినపుడు, ఆయన సహాయకుడు ఎమిల్ కషాన్ రెక్కమీదికి నడచిపోయెను. అంత బరువు ఒకవైపున పడినచో విమానము ఒరుగవలెను గదా! క్షణకాలము ఒరిగి, తనంత తానే సరిపడెను. 50,000 ఫ్రాంకుల బహుమానము ఆయనకు దక్కెను.

ఇందలి కీలకము బొంగరమున నున్నది. వేగముగా తిరుగు చక్రము తన అక్షపు దిశను సులభముగా విడువదు. గైరోస్కోపు ఈ ధర్మముపైననే పనిచేయును. లారెన్సు తండ్రి ఎల్మర్ స్పెర్రీ దీనిని ఓడల దిక్సూచికి అంతకుముందే వాడియుండెను. కుమారుడు నాలుగు గైరోస్కోపులతో ఒక పీఠమును నిలిపెను. విమానము ఒరిగినను పీఠము ఒరుగదు. ఆ రెండింటి నడుమ కోణమేర్పడగానే ఒక సహాయక యంత్రము రెక్కల చివరి పలకలను, తోక పలకను తగినట్లు కదల్చును.

దారమునకు కట్టిన గుండు చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. మంచి ప్రశ్న. సాక్షాత్తు ఓర్విల్ రైటు ఒరుగును పసికట్టుటకు లోలకమునే వాడి, 1913 డిసెంబరు 31న చేతులు విడిచి మైదానము చుట్టును ఏడుమార్లు తిరిగెను. కాని మలుపులో బస్సునందు వ్రేలాడు గుండును గమనింపుడు: అది బయటివైపునకు వాలును. సక్రమముగా ఒరిగి మలుపు తిరుగు విమానములోనైతే గుండు విమానపు నేలకే లంబముగా నిలుచును. అనగా ఒరుగే లేదని చెప్పును. చుట్లు తిరుగుటకు ఇది బాగే. నిజమైన క్షితిజము మాత్రము దానికి తెలియదు. గైరోస్కోపు ఈ మాయకు వెంటనే లోబడదు. దీర్ఘకాలమున మెల్లగా దారి తప్పినపుడు మాత్రము గురుత్వము సాయముతో దానిని సరిదిద్దవలెను.

మన చెవిలోపలి సమతౌల్యేంద్రియమునకు కూడ లోలకపు దోషమే కలదు. మేఘములలో చిక్కిన చోదకుడు, విమానము గిరగిర దిగుచున్నను, తాను నిటారుగా నున్నానని నమ్మును. ఎందరో ఇట్లే ప్రాణములు కోల్పోయిరి.

లారెన్సు 1923 డిసెంబరు 13న ఇంగ్లీషు చానలును దాటుచు మరణించెను; వయస్సు 30. ఆరేండ్లకు, 1929 సెప్టెంబరు 24న, జిమ్మీ డూలిటిల్ బయటి దృశ్యమేమియు కానరాని కప్పు క్రింద కూర్చుండి విమానము నెక్కించి, నడిపి, దించెను. ఆయన ముందున్న పరికరములలో స్పెర్రీ సంస్థవారి కృత్రిమ క్షితిజము ఒకటి. అందులో తిరుగుచున్నది గైరోస్కోపే.