మర్లవాయి బడి: గోండి పలక ఎందుకు పక్కన పడింది?

ఇవాళ మన ముచ్చట ధర్మపురి గోదావరి ఒడ్డు నుంచే మొదలుపెడదాం. ఇక్కడ మనం పుష్కర స్నానాలు చేస్తాం, నరసింహస్వామి దర్శనం చేసుకుంటాం. ఇదే గోదావరి నీళ్ల కోసం ఏటా పుష్య మాసంలో మెస్రం వంశం గోండులు కాలినడకన జన్నారం వైపు ఉన్న హస్తినమడుగుకు వస్తారు. ఆ నీళ్లతోనే పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం. అంటే నది మనకూ వాళ్లకూ ఒక్కటే. మరి భాష?

ఒకసారి గోండి అంకెలు వినండి. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. మన రెండు, మూడు, నాలుగు అందులో వినిపిస్తున్నాయి కదా? గోండి కూడా తెలుగులాగే ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 30 లక్షల మంది మాతృభాష అది. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. పెరూ దేశంలో ఆండీస్ కొండల ప్రజలు మాట్లాడే కెచువాను అక్కడి ప్రభుత్వం 1975లోనే అధికార భాషగా గుర్తించింది.

నిజానికి మన దగ్గర అంతకంటే ముందే ఒక మంచి ప్రయత్నం జరిగింది. అడవికి రిజర్వు హద్దులు గీసి, సాగుచేసుకునే భూముల నుంచి గోండులను వెళ్లగొడుతుంటే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాల్సిన అవసరం అప్పుడు సర్కారుకు వచ్చింది. అలా వచ్చినాయనే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. భార్య బెట్టీతో కలిసి మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు.

కాగితం చదవడం రాకపోతే భూమి నిలవదని ఆయనకు అర్థమైంది. అందుకే 1943లో మర్లవాయిలో గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. గోండి మాటలను దేవనాగరి అక్షరాల్లో రాసి వాచకాలు తయారుచేశారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటతోనే బడిలో అక్షరాలు నేర్చుకున్నారు.

తర్వాత ఏమైంది? నిజాం పాలన పోయింది, రాష్ట్రాలు మారాయి. బళ్లు మిగిలాయి కానీ వాటిలో గోండి మిగల్లేదు. బడిని తీసేయకుండానే బడిలోంచి భాషను తీసేయవచ్చని ఈ చరిత్ర చెబుతుంది. ఇంట్లో అమ్మ మాట ఒకటి, ఒకటో తరగతి పుస్తకంలో మాట ఇంకొకటి. పాఠం అర్థంకాని పిల్లవాణ్ని మనం 'వెనకబడ్డాడు' అంటాం. వెనకబడింది పిల్లవాడా, బడా?

కథ ఇక్కడితో అయిపోలేదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి సొంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఫాంట్ ఉంటే ఈ అక్షరాలు మీ చేతిలోని ఫోన్‌లో కనిపిస్తాయి. అక్షరం ఫోన్‌లోకి వచ్చింది సరే, బడి పలక మీదికి మళ్లీ ఎప్పుడొస్తుంది?

ఈసారి ఉట్నూరు వైపు వెళ్తే మర్లవాయిలో ఆగండి. హైమన్‌డార్ఫ్, బెట్టీల సమాధులు అక్కడే ఉన్నాయి. అక్కడి పిల్లలను గోండిలో నాలుగు అంకెలు అడిగి నేర్చుకోండి. మూడు మీకు సగం వచ్చినవే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. రామ్ రామ్.